పాత కంప్యూటర్‌తో నలుగురూ వాడుకునే మ్యూజిక్ వర్క్‌స్టేషన్ ఎలా ఏర్పాటు చేయాలి

భజన మండలి, చర్చి కోయిర్, కాలేజీ కల్చరల్ టీమ్, షార్ట్ ఫిల్మ్‌లు తీసే కుర్రాళ్లు, డప్పు బృందం. ఒక ఊళ్లో వీళ్లందరికీ కలిపి ఒక్క రికార్డింగ్ కంప్యూటర్ చాలు. అది కొత్తదే కానక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. దాంతో ఇంకా పదేళ్లు పనిచేయగల ఆఫీసు డెస్క్‌టాప్‌లు పాత సామాను కొట్లకు చేరుతున్నాయి. పదిహేను ఇరవై ట్రాకుల పాటను రికార్డు చేసి మిక్స్ చేయడానికి వాటి శక్తి సరిపోతుంది. విండోస్ బదులు వాటిలో లినక్స్ అనే ఉచిత ఓఎస్ వేస్తాం.

నలుగురూ వాడే మెషీన్‌కి స్పీడ్ రెండో సంగతి. ఎవరొచ్చి కూర్చున్నా, ఎవరికీ ఫోన్ చేసి అడక్కుండా, ఐదు నిమిషాల్లో మైకు సౌండు హెడ్‌ఫోన్‌లో వినబడాలి. నిన్న వచ్చినవాళ్లు ఏం మార్చి వెళ్లినా ఇవాళ వచ్చినవాళ్ల పని ఆగకూడదు. కింద చెప్పే ప్రతి పనీ ఈ రెండింటి కోసమే.

మెషీన్ ఎంచుకోవడం

కోర్ ఐ5 రెండో తరం (2011) నుంచి నాలుగో తరం (2013) దాకా ఏ డెస్క్‌టాప్ అయినా పనికొస్తుంది. ల్యాప్‌టాప్ వద్దు, టవర్ తీసుకోండి. ఆ తరాల్లో డెస్క్‌టాప్ ఐ5కి ఎక్కువగా నాలుగు కోర్లు ఉండేవి. ల్యాప్‌టాప్ ఐ5 పేరు అదే అయినా లోపల ఉండేవి రెండే. పైగా టవర్ అయితే ఫ్యాన్ మార్చుకోవచ్చు, కార్డు బిగించుకోవచ్చు, దుమ్ము దులుపుకోవచ్చు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ లాంటి చోట్ల ఇలాంటివి దొరుకుతాయి. మీ ఊళ్లోనే ఏ కాలేజీ ల్యాబులోనో పాతవి తీసేస్తుంటే ముందు అక్కడ అడగండి. కొనేటప్పుడు మూత తీయించి చూడండి. మదర్‌బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్ల తల చదునుగా ఉండాలి. ఉబ్బి ఉంటే ఆ మెషీన్ వదిలేయండి. అన్ని యూఎస్‌బీ పోర్టుల్లోనూ పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. ఓ పది నిమిషాలు ఆన్‌లో ఉంచి ఫ్యాన్ చప్పుడు వినండి. మైకు పెట్టే గదిలో ఆ చప్పుడే మీకు పెద్ద శత్రువు.

డబ్బు పెట్టాల్సింది రెండింటి మీదే: ఒక ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్కు), 8 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్కు బాగానే ఉన్నా దాన్ని ఈ మెషీన్‌లో ఉంచకండి. అది తిరిగే శబ్దం రికార్డింగ్‌లో పడుతుంది. దాన్ని బయట కేసులో వేసి బ్యాకప్‌కి వాడుకోవచ్చు, ముందు దాని ఆరోగ్యం చెక్ చేసుకుని.

విప్పి శుభ్రం చేసి, బయాస్ సరిచేయడం

ప్లగ్ పీకి, మూత తీసి, మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని గాలి కొట్టండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది బఠాణీ గింజంత వేయండి. దీంతో వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతుంది, గది నిశ్శబ్దంగా ఉంటుంది. బోర్డు మీద సీఆర్2032 బటన్ సెల్ కూడా మార్చేయండి. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ, సెట్టింగులు పోతాయి.

తర్వాత బయాస్‌లోకి, అంటే మెషీన్ ఆన్ అవగానే ఓఎస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లండి. డిస్కు మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉండాలి. సీ-స్టేట్స్ అనే పవర్ పొదుపు సెట్టింగ్ ఆపేయండి. ప్రాసెసర్ మధ్యమధ్యలో నిద్రలోకి జారి మళ్లీ లేచే ఆ క్షణంలోనే సౌండ్‌లో టిక్కుమని శబ్దాలు వస్తుంటాయి. ఇంకొకటి, చాలామంది చేయనిది: బోర్డు మీద ఉండే సొంత సౌండ్‌ను బయాస్‌లోనే డిసేబుల్ చేయండి. మెషీన్‌కి ఒకే సౌండ్ కార్డు కనబడితే "సౌండ్ ఎక్కడికి పోతోంది?" అనే ప్రశ్న సగం అక్కడే తీరిపోతుంది. ఉమ్మడి మెషీన్‌లో వచ్చే టెన్షన్లలో ఎక్కువ భాగం ఇదే.

ఓఎస్ వేసే ముందు రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడవనివ్వండి. ర్యామ్‌లో తప్పు ఉంటే ఇప్పుడే తెలియాలి, పల్లవి బాగా కుదిరిన టేక్ మధ్యలో కాదు.

ఆడియో ఇంటర్‌ఫేస్

మైకు సౌండును కంప్యూటర్‌కి, కంప్యూటర్ సౌండును హెడ్‌ఫోన్‌కి అందించే పెట్టెనో కార్డునో ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. అది లేకుండా మైకును కంప్యూటర్ వెనక గులాబీ రంగు జాక్‌లో పెట్టి రికార్డు చేయకండి. లైవ్ స్ట్రీమింగ్ కోసం ఎఫెక్టుల బటన్లతో అమ్మే చిన్న పెట్టెలూ వద్దు. ఒకసారి గొంతుతో కలిసిపోయి రికార్డయిన ఎకోను తర్వాత తీయలేం.

యూఎస్‌బీ క్లాస్ కంప్లయంట్ అనే రకం ఇంటర్‌ఫేస్ అయితే లినక్స్‌లో డ్రైవర్ వేయనక్కర్లేదు, పెట్టగానే పనిచేస్తుంది. బెహ్రింజర్ యూఎం2, మొదటి తరం ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఈ కోవలోవే. ఇద్దరు పాడి ఒకరు వాయించే బృందానికి రెండు ఇన్‌పుట్‌లు చాలవు అనిపించవచ్చు. నా మాట వింటే ముందు రెండింటితోనే మొదలుపెట్టండి. ఒక్కొక్కరినీ విడిగా రికార్డు చేయడం వస్తే తర్వాత ఎనిమిది ఇన్‌పుట్‌లు చేతికొచ్చినా గందరగోళం ఉండదు.

అందరినీ ఒకేసారి రికార్డు చేయక తప్పని బృందాలు ఉంటాయి. భజన అలాంటిదే, విడదీస్తే దాని ఊపే పోతుంది. అలాంటప్పుడు ఫైర్‌వైర్ అనే, యూఎస్‌బీ లాంటి పాత రకం కనెక్షన్‌తో పనిచేసే ఇంటర్‌ఫేస్‌ల వైపు చూడండి. ఫోకస్‌రైట్ సఫైర్ ప్రో 40 ఒక ఉదాహరణ, దానికి ఎనిమిది మైక్ ప్రీఆంప్‌లు (మైకు సౌండును పెంచే సర్క్యూట్లు) ఉన్నాయి. ఫైర్‌వైర్‌ను ఆపిల్ తన మ్యాక్‌ఓఎస్ 26లో తీసేసింది కాబట్టి స్టూడియోలు వీటిని వదిలించుకుంటున్నాయి. లినక్స్ కెర్నల్‌లో మాత్రం 2029 దాకా దీని బాగోగులు చూస్తామని ఆ భాగం నిర్వహిస్తున్నవాళ్లు ప్రకటించారు. టవర్‌లో ఒక ఫైర్‌వైర్ కార్డు బిగించాలి. దాని మీద టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉంటే ఇబ్బందులు తక్కువ. మెషీన్ ఆన్‌లో ఉండగా ఫైర్‌వైర్ కేబుల్ పెట్టడం, పీకడం చేయకండి, పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది.

పాత తెల్ల పీసీఐ స్లాట్ ఉన్న బోర్డు దొరికితే ఎం-ఆడియో డెల్టా ఆడియోఫైల్ 2496 లాంటి కార్డు కూడా మంచిదే. కొత్త విండోస్‌లకు దీని డ్రైవర్ దొరకడం కష్టం కానీ లినక్స్‌లో చాలా కాలంగా స్థిరంగా ఉంది. మైకు ప్రీఆంప్ ఉండదు కాబట్టి ముందు ఒక చిన్న మిక్సర్ కావాలి.

ఇంటర్‌ఫేస్‌ను టవర్ వెనక ఉన్న పోర్టుకే నేరుగా పెట్టండి. హబ్ వద్దు, ముందు పోర్టు వద్దు. ఏ పోర్టుకు పెట్టారో దాని మీద రంగు టేపు అంటించండి.

ఓఎస్, లాగిన్‌లు

8 జీబీ ర్యామ్ ఉంటే సంగీతం పనికి తయారుచేసిన లినక్స్, ఉబుంటు స్టూడియో ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్) వేసేయండి. ఆర్డర్ (Ardour, రికార్డింగ్, మిక్సింగ్ సాఫ్ట్‌వేర్), ఆడాసిటీ, హైడ్రోజన్ (డ్రమ్ మెషీన్) లాంటివన్నీ దాంతోపాటే వస్తాయి. 4 జీబీయే ఉంటే డెబియన్ 13 అనే లినక్స్‌లో తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఎంచుకుని కావాల్సినవి ఒక్కొక్కటీ వేసుకోండి. అందులో సౌండ్ పనులు చూసే జాక్‌డీ2 ప్యాకేజీ వేసేటప్పుడు రియల్‌టైమ్ ప్రయారిటీ ఇవ్వాలా అని అడుగుతుంది, అవును అనండి.

ఎఫ్‌ఎల్ స్టూడియో కావాలని కుర్రాళ్లు తప్పకుండా అడుగుతారు. ప్యాటర్న్‌లు పేర్చి బీట్ కట్టే పద్ధతి ఎల్‌ఎంఎంఎస్‌లో చాలావరకు అలాగే ఉంటుంది, అది చూపించండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ మెషీన్‌లోకి రానివ్వకండి. పదిమంది పెన్‌డ్రైవ్‌లు తిరిగే చోట ఒక క్రాక్‌తో వచ్చిన వైరస్ ఊరందరి కంప్యూటర్లకూ ఎక్కుతుంది. మీ దగ్గర నిజంగా కొన్న విండోస్ సాఫ్ట్‌వేర్ ఉంటే విండోస్ 10ని ఇంటర్నెట్ లేకుండా విడిగా నడుపుకోవచ్చు, అది వేరే దారి.

లాగిన్‌ల దగ్గర ఆగి ఆలోచించాలి. ప్రతి మనిషికీ ఒక లాగిన్ ఇస్తే మర్యాదగా ఉంటుంది కానీ ప్రతి లాగిన్‌కీ విడివిడిగా సౌండ్ సెట్టింగులు తయారవుతాయి. ఒకరి దగ్గర పనిచేసింది ఇంకొకరి దగ్గర పనిచేయదు. అందుకే నేను రెండే లాగిన్‌లు పెట్టమంటాను. ఒకటి అడ్మిన్. దాని పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉండాలి, ఒక్కరి దగ్గరే ఉంటే ఆయన ఊరెళ్లినప్పుడు అందరి పనీ ఆగుతుంది. రెండోది "స్టూడియో" అనే మామూలు లాగిన్, రోజూ అందరూ వాడేది. దానికి కొత్త సాఫ్ట్‌వేర్ వేసే అధికారం ఉండదు.

ఈ స్టూడియో లాగిన్‌ని "ఆడియో" గ్రూపులో చేర్చడం మర్చిపోకండి. సౌండ్ పనికి ప్రాసెసర్‌లో ముందు వరుస ఇచ్చే అనుమతి ఆ గ్రూపుకే ఉంటుంది. తర్వాత సృష్టించిన లాగిన్‌లు వాటంతటవే అందులో చేరవు. అడ్మిన్‌లో అంతా బాగుండి, స్టూడియో లాగిన్‌లో మాత్రం సౌండ్ తెగిపోతూ ఉంటే ముందు చూడాల్సింది ఇదే. చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి.

ఇంకో చిక్కు. అడ్మిన్‌గా ఏదో చూసి, లాగౌట్ కాకుండా "స్విచ్ యూజర్" నొక్కి స్టూడియోలోకి వస్తారు. వెనక ఉన్న లాగిన్ సౌండ్ కార్డును ఇంకా పట్టుకునే ఉంటుంది. ముందున్న మనిషికి అన్నీ సరిగ్గానే కనబడతాయి, సౌండ్ మాత్రం రాదు. కేబుళ్లన్నీ పీకి పెట్టి గంట పోగొట్టుకుంటారు. వీలైతే ఆ స్విచ్ యూజర్ బటన్‌నే తీసేయండి.

ఆ తర్వాత స్టూడియో లాగిన్‌లో స్క్రీన్ లాక్, స్లీప్, నోటిఫికేషన్లు, ఫైల్ ఇండెక్సింగ్, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. ప్రాసెసర్ స్పీడును నిర్ణయించే గవర్నర్ సెట్టింగ్‌ను "పెర్ఫార్మెన్స్"లో ఉంచండి. వైఫై డాంగిల్ ఉంటే రికార్డింగ్ అప్పుడు పీకేయండి.

బఫర్ సరిచేయడం

పాత మెషీన్ నిజంగా ఎంత లాగగలదో ఇక్కడ తెలుస్తుంది. ఆర్డర్ తెరవగానే ఆడియో సెటప్ అడుగుతుంది. నలుగురూ వాడే మెషీన్‌లో సిస్టమ్‌గా ఏఎల్‌ఎస్‌ఏ (లినక్స్ సొంత సౌండ్ వ్యవస్థ) ఎంచుకోండి. ఆర్డర్ నేరుగా కార్డుతో మాట్లాడుతుంది, మధ్యలో ఇంకేమీ ఉండదు కాబట్టి చెడిపోవడానికీ ఏమీ ఉండదు. ఆ సమయంలో బ్రౌజర్‌లో సౌండ్ రాకపోవచ్చు. రికార్డింగ్ గదిలో అది మంచిదే.

శాంపిల్ రేట్ (సౌండును సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో) 48,000 పెట్టండి, అందరికీ అదే. వీడియో పనికి అదే కావాలి. ఒకరు 44,100, ఒకరు 48,000 వాడటం మొదలుపెడితే ఎక్కడో ఒకచోట మార్చకుండా ఫైల్ ప్లే అవుతుంది. అప్పుడు పాట దాదాపు తొమ్మిది శాతం వేగంగా, శ్రుతి ఒకటిన్నర సెమీటోన్ దగ్గరగా పైకి పోతుంది. గాయని గొంతు తనది కాదన్నట్టు వినబడుతుంది, కారణం ఎవరికీ తోచదు.

ఇక బఫర్. కంప్యూటర్ సౌండ్‌ను చిన్న చిన్న ముద్దలుగా తీసుకుంటుంది. ముద్ద సైజే బఫర్. 48,000 రేటులో 128 అంటే 2.7 మిల్లీసెకన్లు, 256 అంటే 5.3, 512 అంటే 10.7, 1024 అంటే 21.3. లోపలికి రావడానికి ఒకసారి, బయటికి పోవడానికి మళ్లీ, పైన యూఎస్‌బీ తీసుకునేది కొంత. కాబట్టి చెవికి చేరే ఆలస్యం ఈ అంకెలకు రెట్టింపు దాటుతుంది. గాలిలో శబ్దం పది మిల్లీసెకన్లలో సుమారు మూడున్నర మీటర్లు వెళ్తుంది. అంత దూరంలో ఉన్న స్పీకర్ వింటూ వాయించినట్టన్నమాట, అది ఫర్వాలేదు.

నలభై దాటితే ఏమవుతుందో మృదంగం దగ్గర చూడండి. బఫర్ 1024లో పెట్టి, కంప్యూటర్ నుంచి వెనక్కి వచ్చే సౌండ్‌ను వాయించే ఆయన హెడ్‌ఫోన్‌లో వినిపించండి. "త క ధి మి" అని మొదలుపెట్టగానే చేతి దెబ్బ ఒకటి, చెవిలో దెబ్బ ఇంకొకటి వినబడతాయి. మొదటి ఆవర్తంలో తడబాటు తెలియదు. రెండోదానికి చెయ్యి చెవిలో వచ్చే దెబ్బ కోసం ఆగడం మొదలుపెడుతుంది. నాలుగోదానికి లయ కిందికి జారిపోయి ఉంటుంది, ఆయన హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేస్తారు. ఎన్నో ఏళ్ల సాధన ఉన్న కళాకారుణ్ణి మన సెట్టింగ్ తక్కువ చేసి చూపించకూడదు.

దీనికి సులువైన మందు ఇంటర్‌ఫేస్ మీదే ఉండే డైరెక్ట్ మానిటర్ బటన్. అది నొక్కితే మైకు సౌండ్ కంప్యూటర్‌లోకి పోకుండానే హెడ్‌ఫోన్‌కి వస్తుంది, ఆలస్యం ఉండదు. అప్పుడు ఆర్డర్‌లో మానిటరింగ్‌ను హార్డ్‌వేర్‌కి వదిలేయాలి, లేకపోతే రెండూ కలిసి డబుల్‌గా వినబడతాయి. పాటకీ, మృదంగానికీ, వయొలిన్‌కీ ఇదే పద్ధతి పెట్టుకుంటే బఫర్ 512లో ఉన్నా నష్టం లేదు, పాత ప్రాసెసర్ హాయిగా పనిచేస్తుంది.

కంప్యూటర్ లోపలి పియానో సౌండ్‌ను కీబోర్డుతో వాయించేటప్పుడు మాత్రం ఈ బటన్ పనికిరాదు, ఆ సౌండ్ పుట్టేదే కంప్యూటర్‌లో కాబట్టి. అక్కడ 128 కానీ 256 కానీ కావాలి. మీ మెషీన్ ఎంత తట్టుకుంటుందో ఇలా చూడండి. 128 పెట్టి, ఒక పాత సెషన్ ప్లే చేసి, స్క్రీన్ మీద విండోలు తెరుస్తూ మూస్తూ పది నిమిషాలు గమనించండి. ఆర్డర్ స్టేటస్ బార్‌లో డీఎస్‌పీ శాతం (సౌండ్ పనికి ప్రాసెసర్ ఎంత ఖర్చవుతోందో), పక్కనే ఎక్స్‌రన్‌ల లెక్క కనబడతాయి. ఎక్స్‌రన్ అంటే ముద్ద టైముకి అందలేదని. ఒక్కటి పడినా 256కి పోండి. మిక్సింగ్ అప్పుడు 1024. అప్పటికీ మెషీన్ రొప్పుతుంటే బరువైన ప్లగిన్లు (ఎఫెక్టులు) ఉన్న ట్రాకును ఫ్రీజ్ చేయండి, అంటే ఎఫెక్టులతో సహా ఆడియోగా మార్చి ఉంచండి.

ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ పెట్టి, ఆడియో సెటప్ విండోలోనే ఉన్న కాలిబ్రేట్ బటన్ నొక్కడం కూడా చేయాలి. అసలు ఆలస్యం ఎంతో ఆర్డర్ కొలిచి, రికార్డయిన ట్రాకులను ఆ మేరకు జరిపి సరైన చోట కూర్చోబెడుతుంది. ఇది చేయకపోతే ఒక్కో ఓవర్‌డబ్ (ముందు రికార్డయినది వింటూ దానిమీద చేసిన కొత్త ట్రాకు) కొద్దికొద్దిగా వెనకబడి ఉంటుంది. కొలిచేటప్పుడు స్పీకర్లు ఆపండి, చెవులు చిల్లులు పడే కూత వస్తుంది.

కరెంటు, ఎర్తింగ్, గది

గుయ్ మనే హమ్మింగ్‌కి నూటికి తొంభై సార్లు కారణం కరెంటే. కంప్యూటర్, స్పీకర్లు, కీబోర్డ్, మిక్సర్ అన్నీ ఒకే స్విచ్ బోర్డు నుంచి, మూడు పిన్నుల మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ ద్వారా రావాలి. వేర్వేరు బోర్డుల నుంచి తీసుకుంటే వాటి ఎర్తింగ్‌ల మధ్య తేడా స్పీకర్‌లో పాడుతుంది. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుల్ వాడండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో పిన్నులు, వైరు విడిగా కొని సోల్డర్ చేయించుకోవచ్చు.

హమ్ పోవాలని ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. మైకు పెదవికి తగిలినప్పుడు గానీ, గిటార్ తీగ ముట్టుకున్నప్పుడు గానీ జివ్వుమంటే రికార్డింగ్ అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. పిల్లలు కూడా వచ్చే గది అది.

యూపీఎస్ తప్పనిసరి. కరెంటు పోతే సేవ్ చేసి ఆపే పది నిమిషాలు చాలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రికార్డింగ్ చేయకండి, దాని గోల ప్రతి ట్రాకులోనూ పడుతుంది. ఫ్యాన్‌కి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే అది కూడా బుర్రుమనే శబ్దం ఇవ్వగలదు. ఎలాగూ టేక్ అప్పుడు ఫ్యాన్ ఆపాలి, స్విచ్ దగ్గరే ఆపండి.

టవర్‌ను మైకుకు వీలైనంత దూరంగా పెట్టండి. యూఎస్‌బీ కేబుల్ ఐదు మీటర్లు దాటకూడదు, మైకు ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ ఇరవై మీటర్లున్నా ఏమీ కాదు. కాబట్టి పొడుగు పెంచాల్సింది మైకు కేబుల్‌కే. గోడలకు బొంతలు, దుప్పట్లు వేలాడదీయండి. పేరు గల ఫోమ్ కంటే మందపాటి బొంత మేలు. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేయాలి, కానీ మైకు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ అది ఆఫ్‌లో ఉండాలి.

పాత కీబోర్డులు, ప్యాడ్లు

ఏ నోటు, ఎంత గట్టిగా నొక్కారో కంప్యూటర్‌కి చెప్పే మిడి ప్రమాణం 1983లో వచ్చింది, ఇప్పటికీ అదే కాబట్టి ఆర్కెస్ట్రా వాళ్లు మూలన పెట్టిన కీబోర్డులు, రోలాండ్ ఎస్‌పీడీ-20 లాంటి ఆక్టాప్యాడ్‌లు ఇప్పటికీ పనికొస్తాయి. వెనక ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటే చాలు. దానికి యూఎస్‌బీ మిడి కేబుల్ కావాలి. మరీ చవకవి కొన్ని వేగంగా వాయించినప్పుడు నోట్లు మింగేస్తాయి. కొనే ముందు ఆక్టాప్యాడ్ మీద గట్టిగా రోల్ వాయించి చూడండి. కీబోర్డ్ మిడి అవుట్‌ను ఆ కేబుల్ మిడి ఇన్‌కి పెట్టాలి, అవుట్ నుంచి అవుట్‌కి కాదు.

సౌండ్లకు క్యూసింత్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్లూయిడ్ ఆర్3 సౌండ్‌ఫాంట్ (వాద్యాల సౌండ్ల ఫైలు) చాలు, 140 ఎంబీ దాకా ఉంటుంది. డప్పు, డోలక్, కంజీర లాంటివి మీ వాళ్ల చేతే ఒక్కో దెబ్బనూ మెల్లగా, గట్టిగా వాయించి రికార్డు చేసుకుని హైడ్రోజన్‌లో కిట్ చేయండి. మీ ఊరి డప్పు శబ్దం ఎక్కడా కొనలేరు, ఒకసారి చేస్తే అన్ని బృందాలకూ ఉంటుంది. శ్రుతి బాక్స్‌ను కూడా మీకు తరచూ కావాల్సిన శ్రుతుల్లో ఐదేసి నిమిషాలు రికార్డు చేసి ఉంచండి.

ఫోల్డర్లు, టెంప్లేట్, బ్యాకప్

ఎస్‌ఎస్‌డీ మీద "పాటలు" అని ఒక్క ఫోల్డర్, లోపల బృందానికొకటి. సెషన్ పేరు తేదీతో మొదలవ్వాలి, ఏడాది ముందు, తర్వాత నెల, రోజు. అలా రాస్తే అవి వాటంతటవే వరుసలో ఉంటాయి. తర్వాత పాట పేరు, శ్రుతి. "ఐదున్నర" అని పేరులోనే ఉంటే మూడు నెలల తర్వాత హార్మోనియం తెచ్చుకున్నవాళ్లు వెతుక్కోనక్కర్లేదు.

ఆర్డర్ సెషన్ అంటే ఒక ఫైల్ కాదు, ఫోల్డర్. ఇంటికి తీసుకెళ్లేవాళ్లు ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవాలి. ఒక్క సెషన్ ఫైలే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే ఇంటికెళ్లాక ఖాళీ ట్రాకులు వస్తాయి, ఆడియో అంతా ఇక్కడే ఉండిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కరోకే ట్రాక్ ఇంపోర్ట్ చేసేటప్పుడు సెషన్‌లోకి కాపీ చేసే ఆప్షన్‌కి టిక్ ఉండాలి.

రెండు టెంప్లేట్లు చేసి పెట్టండి. "ఒక గొంతు, ఒక వాద్యం" అని ఒకటి, "బృందం" అని ఇంకొకటి. ట్రాకుల పేర్లు, ఇన్‌పుట్‌లు, హెడ్‌ఫోన్ లెవెల్ అన్నీ అందులో సరిచేసి ఉండాలి. బాగా గొంతెత్తినప్పుడు లెవెల్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగేలా చూసుకోమని చెప్పండి. ఎర్ర లైటు వెలిగేదాకా పెంచాల్సిన అవసరం లేదు.

స్థలం లెక్క: ఆర్డర్ మామూలుగా 32 బిట్ ఫ్లోట్‌లో రాస్తుంది. ఒక మోనో ట్రాకుకు నిమిషానికి 11.5 ఎంబీ. ఎనిమిది ట్రాకులు గంట నడిస్తే ఐదున్నర జీబీ. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొన్ని నెలల్లో నిండుతుంది. నెలకోసారి అయిపోయిన పాటలను బయటి డిస్కుకు తరలించే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.

బ్యాకప్‌కి రెండు డిస్కులు. జీఆర్‌సింక్ అనే కాపీ సాఫ్ట్‌వేర్‌తో వారానికోసారి కాపీ, ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి. వాడనిది వేరే ఇంట్లో ఉండాలి. పాడిన పెద్దావిడ రేపు ఉండకపోవచ్చు, ఆ పాట ఆవిడకి తప్ప ఎవరికీ రాకపోవచ్చు. పాటలతో పాటు సిస్టమ్‌కి కూడా ఒక కాపీ తీయండి. అన్నీ సరిగ్గా పనిచేస్తున్న రోజున క్లోన్‌జిల్లా అనే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం డిస్కుకు ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసి దాచండి. తర్వాత ఎవరు ఏం పాడుచేసినా పాటల ఫోల్డర్ పక్కకు తీసి, ఇమేజ్ తిరిగి వేస్తే అరగంట, గంటలో పాత స్థితికి వస్తుంది. అప్‌డేట్లు అడ్మిన్ మాత్రమే, అదీ చేతిలో ఏ పనీ లేని వారంలో చేయాలి. దసరాకి, క్రిస్మస్‌కి, సంక్రాంతికి ముందు రెండు వారాలు ముట్టుకోవద్దు.

గోడ మీద కాగితం

ఒక ఏ4 కాగితం, పెద్ద అక్షరాల్లో, తెలుగులో. ముందు ఏ స్విచ్, తర్వాత ఏది: ఇంటర్‌ఫేస్, కంప్యూటర్, ఆఖరున స్పీకర్లు. ఆపేటప్పుడు స్పీకర్లు ముందు. ఏ టెంప్లేట్ తెరవాలి, పాడేటప్పుడు ఏ బటన్, కీబోర్డుకి ఏ బఫర్. సౌండ్ రాకపోతే చూడాల్సినవి వరుసగా: రంగు టేపు ఉన్న పోర్టులో కేబుల్ ఉందా, ఫాంటమ్ ఆన్‌లో ఉందా, ట్రాకుకు రికార్డు బటన్ ఎర్రగా ఉందా, వెనక ఇంకో లాగిన్ ఉందా. వెళ్లేటప్పుడు చేయాల్సినవి: సేవ్, గెయిన్ నాబ్‌లు సున్నాకు, మైకు డబ్బాలో, నోటుబుక్‌లో పేరు, ఏం పనిచేయలేదో ఒక ముక్క. కాగితం పక్కన ఇంటర్‌ఫేస్ ఫోటో ఒకటి, ప్రతి కేబుల్ ఎక్కడికో బాణం గుర్తులతో.

అంతా అయ్యాక దీన్ని ఎప్పుడూ చూడని ఒకరిని పిలవండి. కంప్యూటర్ అంటే భయపడే మనిషి అయితే ఇంకా మంచిది. కాగితం చూపించి, మీరు ఒక్క మాట కూడా మాట్లాడకుండా వెనక కూర్చోండి. ఆమె ఎక్కడ ఆగి మీ వైపు తిరిగిందో అక్కడ కాగితంలో ఒక వాక్యం తక్కువైందని అర్థం. ఆ వాక్యం రాసి, ఇంకొకరిని పిలవండి.